రంగస్థలం మీద చీరకట్టు

అమ్మాయి ఇంగ్లీషు చదువుతోందంటే "లెక్చరరు అవుతుందిలెండి" అంటారు. సైన్సంటే "డాక్టరో మరొకటో" అంటారు. నాటకం చదువుతోందంటే మాత్రం ఓ క్షణం ఆగి, "ఓహో, డ్యాన్సా?" అంటారు. నాటకకళలో డిప్లొమాకు చేరిన ఏడాదంతా నేను ఈ "డ్యాన్సా?" అన్నదానికి జవాబు చెప్పుకోవడంతోనే సరిపోయింది. మా తరగతిలో పదిహేడుమందిమి. అందులో ఆడపిల్లలం ఇద్దరం. ఆ రెండోపిల్లకు పెళ్లి కుదరడంతో సంక్రాంతి సెలవుల తర్వాత నేనొక్కదాన్నే మిగిలాను.

ఒక్కదాన్నే మిగలడంలో ఒక లాభం ఉంది. క్లాసులో చెప్పే ప్రతి విషయంలోనూ "మరి ఇందులో ఆడవాళ్లెక్కడ?" అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. తెలుగు నాటక చరిత్ర నేను చదివింది ఆ ప్రశ్న వెంటబడే. చదివేకొద్దీ తేలిందేమిటంటే, మన రంగస్థలం మీద అరవై డెబ్భై ఏళ్లపాటు బోలెడుమంది ఆడవాళ్లున్నారు - సత్యభామలు, చంద్రమతులు, చింతామణులు, మధురవాణులు. కాకపోతే అందరూ మగవాళ్లే!

ఇది మన పూర్వులు పెట్టిన పద్ధతేమో అనుకున్నాను మొదట్లో. కాదు. భరతముని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఈ తగువు తేలిపోయింది. బ్రహ్మ నాట్యవేదాన్ని భరతుడికిచ్చి, నీ వందమంది కొడుకులకూ నేర్పమన్నాడు. భరతుడు నేర్పాడు. అంతా బాగానే ఉంది గానీ కైశికి దగ్గర చిక్కొచ్చింది. కైశికి అంటే లాలిత్యమూ, శృంగారమూ, ఆటాపాటా కలిసిన వృత్తి. అది ఆడవాళ్లు లేకుండా మగవాళ్ల వల్ల అయ్యే పని కాదని భరతుడు ఉన్నమాట చెప్పేశాడు. అప్పుడు బ్రహ్మ తన మనసులోంచి అప్సరసల్ని పుట్టించి ఇచ్చాడు. వందమంది కొడుకులున్న తండ్రి నా కొడుకులు చాలరని ఒప్పుకోవడం నాకెంతో నచ్చింది. ఆ పేజీ దగ్గర నోట్సులో పెద్ద గీత గీసుకున్నాను.

అదే శాస్త్రంలో వేషధారణ మూడు రకాలని ఉంది. ఆడవేషం ఆడది, మగవేషం మగవాడు, ఈడుకు తగినట్టు వేస్తే అనురూప. చిన్నపిల్లాడు ముసలివాడిగా, ముసలివాడు చిన్నవాడిగా వేస్తే విరూప. ఆడది మగవేషమో మగవాడు ఆడవేషమో వేస్తే రూపానుసారిణి. అంటే మగవాడు చీర కట్టడం తప్పని భరతుడు అనలేదు. మూడు దారుల్లో అదొకటి అన్నాడు. మూడింట్లో అదొక్కటే దారి ఎలా అయిందన్నదే నా ప్రశ్న.

మన ఆధునిక నాటకం పుట్టింది బడిపిల్లల మధ్య. 1880లో రాజమండ్రికి ధార్వాడ నుంచి ఒక నాటక కంపెనీ వచ్చి, పాక వేసి, హిందీ నాటకాలు ఆడి వెళ్లింది. వాళ్లు వదిలివెళ్లిన ఆ పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థుల్ని పోగుచేసి తెలుగు నాటకాలు ఆడించారు. వాటిలో 'వ్యవహార ధర్మబోధిని' ప్లీడర్ల మీద ఎక్కుపెట్టింది. పంతులుగారి పుట్టినరోజైన ఏప్రిల్ 16ను ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. చూశారూ, మన నాటకానికి మొట్టమొదటి నటులు రాజుగారి ఆస్థానంవాళ్లూ కాదు, ఊళ్లు తిరిగే కంపెనీవాళ్లూ కాదు - పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చిన కుర్రాళ్లు. "కాలేజీలో నాటకమేమిటి?" అని ముక్కున వేలేసుకునేవాళ్లకు ఇది చెబుతూ ఉంటాను. నాటకం కాలేజీలోకి రాలేదండీ, అక్కణ్నుంచే బయటికొచ్చింది!

మరి ఆ కుర్రాళ్ల పక్కన అమ్మాయిలెందుకు లేరు? ఆడపిల్లల చదువంటే గిట్టని మనిషి కాదు పంతులుగారు. 1874లోనే ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1881 డిసెంబరులో ఊరంతా ఎదురుతిరిగినా మొదటి వితంతు వివాహం జరిపించారు. అంత ధైర్యం ఉన్నాయన కూడా ఆడపిల్లను రంగస్థలం ఎక్కించలేదు. ఎక్కిస్తానన్నా పంపే తల్లిదండ్రులు ఎవరు? వెలివేసినా సరే వితంతువుకు మళ్లీ పెళ్లి చేసిన కుటుంబాలున్నాయి గానీ, కూతుర్ని పదిమంది ముందు నిలబెట్టి పాట పాడించిన కుటుంబం లేదు. పెళ్లి కంటే పాట కష్టమన్నమాట!

ఎందుకంటే పదిమందిలో పాడటం, ఆడటం అప్పటికే ఒక కులం ఆడవాళ్ల పని అయిపోయింది. దేవాలయాల్లోనూ, జమీందార్ల పెళ్లిళ్లలోనూ మేజువాణి చేసే కళావంతుల ఇళ్ల స్త్రీలు - సంగీతం వచ్చినవాళ్లు, సాహిత్యం వచ్చినవాళ్లు, అభినయం వచ్చినవాళ్లు - వాళ్లే. ఆ రోజుల్లో తెలుగుదేశంలో పదిమందీ చూస్తుండగా పద్యానికి అభినయం పట్టగల ఆడవాళ్లెవరంటే ఆ ఇళ్లవాళ్లే. సరిగ్గా అప్పుడే వీరేశలింగంగారూ, రఘుపతి వెంకటరత్నం నాయుడుగారూ మేజువాణీలు మానిపించాలని ఉద్యమం పెట్టారు. నాయుడుగారు కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన మనిషి. మగపిల్లల కాలేజీ గదుల్లోకి ఆడపిల్లల్ని చేర్చుకుని కూర్చోబెట్టిన మనిషి. ఆడపిల్లకు కాలేజీ తలుపు తెరిచిన చేతులే పాడే ఆడదానికి సభ తలుపు మూశాయి.

నేను వాళ్లను తప్పుపడుతున్నానని అనుకోకండి. మేజువాణి పేరు మీద ఆ ఇళ్ల ఆడపిల్లల బతుకులు ఎలా తెల్లవారేవో వాళ్లు చూశారు, మనం చూడలేదు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసిందంటే ఆ పోరాటం ఉత్తదేం కాదు. కానీ బతుకుతోబాటు విద్య కూడా పోయింది. ఆ దురాచారం మాని విద్యను నిలబెట్టుకునే దారి ఎవరూ చూపించలేదు. నాటకం "మర్యాద"గా తయారైంది. మర్యాదకు గుర్తేమిటయ్యా అంటే, అందులో ఆడది లేకపోవడం!

ఇందులో అన్నిటికంటే నాకు నవ్వొచ్చేది 'చింతామణి'. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనం వల్ల కొంపలెలా కూలిపోతాయో చూపించడానికి రాసిన నాటకమది. ఆ వేశ్యను చూడటానికే జనం బళ్లు కట్టుకుని మరీ వచ్చేవారు. ఆ వేశ్యేమో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు!

'కన్యాశుల్కం' సంగతి ఇంకా తమాషా. విజయనగరం మహారాజావారి కాలేజీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావుగారు రాసిన ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు మొదటిసారి ఆడారు. అందులో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ముసలి లుబ్ధావధానులుకిచ్చి పెళ్లి చేస్తాడు కదా. ఇప్పుడు ఆ కాలపు ప్రేక్షకుణ్ణి ఊహించుకోండి. రంగస్థలం మీద బుచ్చమ్మ వేషంలో ఒక మగపిల్లాడున్నాడు, అతన్ని ఆడపిల్లే అనుకోవాలి. పక్కన శిష్యుడి వేషంలో ఇంకో మగపిల్లాడు చీర కట్టుకున్నాడు, అతన్ని ఆడపిల్ల అనుకోకూడదు, "మగపిల్లాడు చీర కట్టాడు" అనుకుని నవ్వాలి! షేక్స్‌పియర్‌లో దీనికి తిరగేసిన చిక్కుంటుంది. ఇంగ్లండులో 1660 దాకా ఆడవేషాలు కుర్రాళ్లవే కాబట్టి, కుర్రాడు అమ్మాయిగా, ఆ అమ్మాయి మళ్లీ కుర్రాడిగా. ఈ సంగతి నేను సెమినార్లో చెబితే మా లెక్చరరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంతకాలం చెబుతున్నాను, నాకు తట్టలేదు సుమా" అన్నారు. ఆ రోజంతా నా కాళ్లు నేలమీద ఆనలేదు.

స్థానంవారి గురించి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తే పాపం తగులుతుంది. ఆయన 1902లో పుట్టారు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడబోతుంటే చంద్రమతి వేషం వేయాల్సినాయన రాలేదట. అలా అనుకోకుండా ఆ చీర ఈయన కట్టారు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, సత్యభామగా, రోషనారాగా, చిత్రాంగిగా, దేవదేవిగా, మధురవాణిగా సుమారు నలభయ్యేళ్లు ఆ చీరను విప్పలేదనే చెప్పాలి. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. 1971లో పోయారు. నేను ఆయన్ని చూడలేదు. మా అమ్మమ్మ చూసింది. తెనాలిలో ఆడవాళ్ల వైపు చాపమీద కూర్చుని చూసిందట. "తెల్లారి కాలవగట్టు మీద మేం కథ గురించి మాట్లాడుకున్నామనుకున్నావా? ఆ కుచ్చిళ్లు ఎలా పోశాడు, పైట ఎక్కడ దోపాడు, జడకుప్పెలు ఎక్కడివి - ఇదే" అనేది. మగాడు కట్టిన చీర చూసి ఆడవాళ్లు చీర కట్టడం నేర్చుకున్నారంటే ఇక ఆ కళ సంగతి వేరే చెప్పాలా?

చెప్పాల్సిన రెండో మాటా ఉంది. మా డిప్లొమా రెండో భాగంలో పాతకాలపు పద్యనాటకం అభ్యాసంగా చేయాలి. దానికోసం ఒక పెద్దాయన్ని పిలిపించారు. ఒకప్పుడు ఆడవేషాలకు పేరుపడినాయన. డెబ్భై దాటాయి. పంచె, కండువా, బట్టతల. కండువా తీసి భుజం మీద పైటలా వేసుకుని, మెడ ఇలా వంచి రెండడుగులు వేశాడో లేదో, పంచె మాయమైపోయింది, బట్టతల మాయమైపోయింది. మా ఎదుట సత్యభామ నిలబడి ఉంది. మగపిల్లలంతా చప్పట్లు కొట్టారు. తర్వాత నన్ను నడవమన్నాడు. నడిచాను.

"కాదమ్మా" అన్నాడు చాలా ప్రేమగా. "ఆడది అలా నడవదు."

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. కానీ హాస్టలుకెళ్లాక ఆ మాట తొలుస్తూనే ఉంది. మర్నాడు అడిగాను - "తాతగారూ, నేను ఆడదాన్నే కదండీ, నేనెలా నడిస్తే అది ఆడనడకే కదా?" ఆయన కోప్పడలేదు. కాసేపు ఆలోచించి, "నువ్వు ఆడదానివి తల్లీ, నీకు నడిస్తే చాలు. మేం కాదు కదా, అందుకని నడకను తయారుచేసుకోవాల్సొచ్చింది. అద్దం ముందు నెలల తరబడి. వీధుల్లో ఆడవాళ్ల వెనకాల నడిచి తన్నులు కూడా తిన్నాం" అన్నాడు. నాటకం గురించి నేను చదివిన పుస్తకాలు ఒక ఎత్తు, ఆయన చెప్పిన ఈ ముక్క ఒక ఎత్తు. మగవాళ్లు ఎంతో కష్టపడి, ఎంతో గౌరవంతో, ఆడదాన్ని చెక్కారు. ఆ శిల్పం ఎంత బాగా కుదిరిందంటే, తర్వాత వచ్చిన నిజం ఆడది దాని పక్కన తేలిపోయింది. తొలిరోజుల్లో రంగస్థలం ఎక్కిన స్త్రీలకు ఎదురైన పోటీ మగవాళ్లతో కాదు, మగవాళ్లు తయారుచేసిన ఆడవాళ్లతో.

ఈ మార్పు కోసం గట్టిగా పట్టుబట్టినాయన బళ్లారి రాఘవ. వృత్తికి ప్లీడరు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి మేనల్లుడు. ఆడవేషం ఆడవాళ్లే వేయాలని, అదీ చదువుకున్న కుటుంబస్త్రీలు ముందుకు రావాలని ఆయన పోరాడారు. ఆయన ప్రోత్సాహంతో కొమ్మూరి పద్మావతీదేవి లాంటివాళ్లు వచ్చారు. ఆవిడ రచయిత చలంగారి తమ్ముడి భార్య. డిటెక్టివ్ నవలల కొమ్మూరి సాంబశివరావుగారి తల్లి. ఆ నవలలు దిండుకింద దాచుకుని చదివినవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? అత్తగారిల్లూ, పిల్లలూ ఉన్న మనిషి ముఖానికి రంగు పూసుకుని పరాయి మగవాడి పక్కన భార్యగా నిలబడటానికి ఆ రోజుల్లో ఎంత గుండె కావాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాలేజీల్లో మాత్రం మీసాలే రాజ్యమేలాయి. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణగారు తెలుగు చెప్పే రోజుల్లో, నాటకంలో నాగమ్మ వేషానికి ఒక అందమైన కుర్రాణ్ణి ఎంచారు. వేషం వేస్తాను గానీ మీసం తియ్యనన్నాడు ఆ కుర్రాడు. ససేమిరా! చివరికి మీసంతోనే నాగమ్మ రంగస్థలం ఎక్కింది. "మీసాల నాగమ్మ" అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ కుర్రాడే నందమూరి తారకరామారావు. అక్కినేని నాగేశ్వరరావుగారి నటన కూడా మొదలైంది స్టేజీ మీద ఆడవేషాలతోనే. మన ఇద్దరు పెద్ద హీరోలూ ఒకప్పుడు హీరోయిన్లన్నమాట!

అప్పటికే సినిమాల్లో నిజం ఆడవాళ్లు వచ్చేశారు. కెమెరా దగ్గరికొచ్చి చూస్తుంది, గడ్డం గీసిన పచ్చదనం దాగదు. కాళ్లకూరివారి 'వరవిక్రయం' 1939లో సినిమాగా వచ్చినప్పుడు కాళింది వేషంతో భానుమతి వెండితెరకెక్కింది. ఇటు ప్రజానాట్యమండలి 1943 నుంచి ఊరూరా తిరిగింది. సుంకర, వాసిరెడ్డి కలిసి 1947లో రాసిన 'మా భూమి'ని ఎన్నో దళాలు ఆడాయి. జమునగారిని గరికపాటి రాజారావుగారు చూసింది ఆ నాటకాల్లోనే. 1953లో 'పుట్టిల్లు'తో ఆవిడ సినిమాల్లోకి వెళ్లిపోయారు. పేరు రాగానే సినిమా పట్టుకుపోతే నాటకానికి మిగిలేదేమిటి? అందుకే కాలేజీవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు: స్త్రీపాత్ర లేని నాటికలు. ఆడవేషానికి కుర్రాడు సిగ్గుపడుతున్నాడు, అమ్మాయిని వాళ్ల నాన్న పంపడు, కాబట్టి అసలు ఆడదే లేకుండా కథ రాసేయడం. భార్య పుట్టింటికెళ్లి ఉంటుంది, లేదా లోపల్నుంచి గాజుల చప్పుడు వినిపిస్తుంది. మా కాలేజీ లైబ్రరీలో అలాంటివి ఒక బీరువా నిండా ఉండేవి. మగవాడు చీర కట్టిన రోజుల్లో ఆడది కనీసం కథలోనైనా ఉండేది, ఇప్పుడు అదీ పోయింది! ఆడపిల్లల కాలేజీల్లో మాత్రం కథ తిరగబడేది. కాటుకతో మీసాలు దిద్దుకుని, అన్నయ్యల ప్యాంట్లు తొడుక్కుని వార్షికోత్సవాల్లో హరిశ్చంద్రులూ, గిరీశాలూ అమ్మాయిలే. ఇది చదివే మీలో ఒకరిద్దరికైనా ఆ కాటుక మీసం చెమటకు కారిన జ్ఞాపకం ఉండే ఉంటుంది.

నాటకం ఒక చదువుగా కుదురుకున్నది తర్వాత సంగతి. ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల 1959లో వచ్చింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరుతో రంగస్థల కళల పాఠశాల 1988లో మొదలైంది. అక్కడ ఇప్పుడు ఆడపిల్లలు దీపాలు కడుతున్నారు, దర్శకత్వం చేస్తున్నారు. ఎవరూ "డ్యాన్సా?" అనడం లేదు కాబోలు.

ఇంతా రాసి, ఈ ప్రశ్నకు మొదట్నుంచీ జవాబు చేతిలో ఉంచుకున్నవాళ్ల పేరు చెప్పకపోతే అన్యాయం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో, అంటే పంతులుగారి పాక నాటకాలకు అయిదేళ్ల తర్వాత, తోలుబొమ్మలాడించే కుటుంబాలవాళ్లు బొమ్మల్ని పక్కనబెట్టి తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. వనారస గోవిందరావుగారు దానికి పెద్దదిక్కు. వాళ్లది సభా కాదు, సమాజమూ కాదు, సంసారం. కుటుంబమంతా నాటకమే కాబట్టి అత్తా కోడలూ కూతురూ అందరూ వేషాలు వేసేవారు. ఆడవేషానికి మగవాణ్ణి వెతుక్కునే అవసరం వాళ్లకు లేదు. పైగా కృష్ణుడి వేషానికి ఆడవాళ్లే ముందుండేవారు. మర్యాదస్తుల నాటకం ఆడది దొరక్క అవస్థపడుతున్న కాలంలోనే డేరాల్లో ఇదంతా సాగిపోయింది. మా పాఠ్యపుస్తకంలో మాత్రం సురభికి దక్కింది ఒక పేరా, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న.

ఆ ఇంటి బిడ్డే కమలాబాయి. తల్లి వెంకూబాయి నిండు నెలలతో దమయంతి వేషం కట్టి ఆడుతుండగా రంగస్థలం మీదే నొప్పులు వచ్చాయని, తెర దించగానే పిల్ల పుట్టిందని చెబుతారు. ఆ పిల్ల పెరిగి కృష్ణుడిగా, ప్రహ్లాదుడిగా వేషాలు కట్టింది. 1932లో మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీసినప్పుడు, మగవేషాల్లో ఆరితేరిన ఆ కమలాబాయే చీర కట్టుకుని లీలావతి అయింది.